ఎస్ తర్వాత

గుణుపురంలో వానాకాలం కరెంటు
వాక్యం మధ్యలో పోతుంది.
ఇవాళ కామా దగ్గర పోయింది.
తొమ్మిదో తరగతి పేపర్ల కట్ట, ఎర్ర పెన్ను,
అగ్గిపెట్టె కోసం తడుముకునే నా చెయ్యి.

కొవ్వొత్తి వెలుగులో చుక్కలు ఆనవు.
గీతలు ఆనతాయి.
నా పిల్లలు ఇంగ్లీషు వాక్యం చివర
ఒడియా దాండీ నిలబెడతారు,
గట్టు మీద పాతిన సర్వే కర్రలా.
చుక్క పెట్టండర్రా అని ఇరవై రెండేళ్లుగా మొత్తుకుంటున్నాను.
"చుక్క మరీ చిన్నది మేడమ్,
మాట అయిపోయిందని ఎవరికి తెలుస్తాది?"
అంటాడు వెనక బెంచీ దండపాణి.
వాడి పేరులోనే ఉంది మరి.

మా ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా,
కొండ దిగి వచ్చే పిల్లల నోట సవర,
స్టాఫ్‌రూములో మూడూ కలిపి ఉడికిన పులుసు.
ఇంగ్లీషు ఒక్కటే ఎవరింటా కాపురం లేదు.
గుమ్మం దాకా వచ్చి కూర్చోని చుట్టం,
అందుకే దానికన్ని మర్యాదలు.

మూడో ప్రశ్న.
బోరింగు పక్కన ఒక బోర్డు: ఈ నీళ్లు తాగరాదు.
రాసినవారి ఉద్దేశమేమి?
తెలియజేయడమా, ఒప్పించడమా, వినోదపరచడమా?
ఒకదానికి టిక్కు పెట్టుము.
నలభై ఒక్కమంది తెలియజేయడం అన్నారు.
సుకాంతి గొమాంగో మూడింటినీ కొట్టేసి
పక్కన రాసింది, సగం స్పెల్లింగులు తప్పు:
రాసినవాడు ముందు తాగి ఉంటాడు।

కీ ప్రకారం సున్నా.
పెట్టాను.
సున్నా కూడా చుక్కే, కాస్త ఒళ్లు చేసింది, అంతే.
కొవ్వొత్తి కరిగి పేపరు అంచుని తాకేదాకా
దాన్నే చూస్తూ కూర్చున్నాను.

శనివారం మధ్యాహ్నం అదే పిల్ల,
వెనకాల నాయనమ్మ, తడిసిన రబ్బరు చెప్పులు,
పాలిథిన్ కవర్లో మడిచిన అర్జీ.
తహసీల్దారు గారికి.
ఇంగ్లీషులో ఎందుకమ్మా?
"ఒడియాలో రాసినవి రెండు పోయాయి మేడమ్.
ఇంగ్లీషు కాయితం పారెయ్యడానికి భయపడతారంట."

చదివాను. కామాలు లేవు.
ఊపిరి తీసుకోకుండా కొండ ఎక్కినట్టు
ఒకే పరుగు, జీడితోట, వాగు, కొలతకొచ్చిన మనుషులు,
కొత్తగా పాతిన రాళ్లు.
ఊపిరి ఆగే చోటల్లా ఒక కామా పెట్టుకుంటూ వచ్చాను,
అవర్ ఫాదర్స్ లాండ్ దగ్గర ఆగాను.

ఇక్కడ అపాస్ట్రఫీ ఉండాలి తల్లీ.
పైన వేలాడే చిన్న కొక్కెం.
ఎవరిదో చెప్పేది అదే.
ఎస్‌కి ముందు పెడితే ఒక్క తండ్రి భూమి.
తర్వాత పెడితే చాలామంది తండ్రులది.
మీ నాన్నదేగా? ముందు పెట్టనా?

పిల్ల నాయనమ్మకి సవరలో చెప్పింది.
ముసలామె నా పెన్ను వైపు చూసింది,
వేళ్లు మడిచి లెక్కపెట్టడం మొదలెట్టింది.
ఒక్కో వేలికీ ఒక పేరు.
రెండు చేతులూ అయిపోయాయి.
మళ్లీ బొటనవేలు దగ్గర్నుంచి.
కిటికీ బయట వాన తగ్గి మళ్లీ పట్టుకుంది.

"ఎస్ తర్వాతే మేడమ్" అంది సుకాంతి.
"కొండ ఒక్కరిదెలా అవుద్ది?"

వ్యాకరణం పుస్తకంలో ఆ పాఠానికి
మూడు ఉదాహరణలు ఇచ్చారు:
అబ్బాయిల హాస్టలు, పక్షుల గూళ్లు, రైతుల సంఘం.
ఇన్నేళ్లూ బోర్డు మీద అవే రాశాను,
ఎవరిది ఏదని ఎవరూ అడగలేదు.

కొక్కెం పెట్టాను, ఎస్ తర్వాత.
అంత కొండ దానికి వేలాడగలదా
అని చెయ్యి వణికింది, కొంచెం వంకరొచ్చింది.
చివర చుక్క పెట్టబోతుంటే
ముసలామె వేలిముద్ర అప్పటికే దిగిపోయింది,
నీలంగా, నా చుక్క మీద పడి.

మార్కుల రిజిస్టరు సోమవారమే వెళ్లిపోయింది.
సున్నా సున్నాగానే ఉంది, దిద్దలేదు.
పేపర్లు అందరికీ తిరిగిచ్చాను, ఆ ఒక్కటి తప్ప.
తహసీలు నుంచి ఇంకా జవాబు లేదు.
సుకాంతి రోజూ అడుగుతుంది,
నేను రేపంటాను.

వచ్చే పరీక్షకి మూడో ప్రశ్న తయారుచెయ్యాలి.
పేరా దొరికింది.
ఉద్దేశమేమి అని రాసి,
కింద టిక్కు పెట్టే గళ్లు
గియ్యకుండా వదిలేశాను